నాలుగిళ్ల సిపాయి

తొంభైల చివర్లో నేను బందరు కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. కాపురం గుడివాడలో. అమ్మా నేనూ, ఇద్దరమే. పొద్దున్నే పాసింజరెక్కి, గుడ్లవల్లేరు దాకా నిలబడి, ఆ తర్వాత ఎవరైనా దిగితే కూర్చుని కాలేజీకి చేరేదాన్ని. ఆదివారం వస్తే మాత్రం దివిసీమ బస్సు పట్టుకునేదాన్ని. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఊళ్ల నుంచి తమంతట తామే వెళ్లి సైన్యంలో పేరు రాయించుకుని, బర్మా అడవుల్లో పోరాడి తిరిగిరాని వాళ్ల బతుకులు రాయాలని నా పట్టుదల. ఎవరూ వాళ్ల మెడ మీద కత్తి పెట్టలేదు. జపానువాడికీ తెల్లవాడికీ తగువొస్తే మధ్యలో మనవాడికేం పని? వెళ్లిన ప్రతి ఇంట్లోనూ అదే అడిగేదాన్ని. వెళ్లాలనిపించింది, వెళ్లాడు అనేవాళ్లు. అది సమాధానమా అని లోపల ఒళ్లు మండేది, పైకి నవ్వేదాన్ని.

నాకీ పిచ్చి ఊరికే పట్టలేదు. మా అమ్మమ్మ భర్త కూడా అలా వెళ్లినవాడే. అప్పటికి అమ్మ ఇంకా కడుపులో ఉంది. ఎందుకు వెళ్లాడని ఇంట్లో ఎవరడిగినా అమ్మమ్మ కస్సుమనేది. ఆవిడ నోటికి ఊరంతా భయపడేది. ఆ నోరు నాకే వచ్చిందని అమ్మ ఇప్పటికీ అంటుంది. తాతయ్య ఫోటో ఒకటి, చిన్నది, అమ్మమ్మ ట్రంకుపెట్టెలో అడుగున ఉండేదట. ఎవరికీ చూపించేది కాదు. డెబ్భై ఏడు దివిసీమ ఉప్పెనలో ఇల్లూ పెట్టే రెండూ కొట్టుకుపోయాయి. అమ్మా అమ్మమ్మా స్కూలు డాబా మీద బతికి బయటపడ్డారు. నేను అప్పటికే గుడివాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను కాబట్టి వాళ్లూ అక్కడికే వచ్చేశారు.

వచ్చిన కొన్నాళ్లకి అమ్మమ్మ పళ్ల డాక్టరు దగ్గరికంటూ ఒక్కతే బందరు వెళ్లి రావడం మొదలుపెట్టింది. అప్పటికి ఆవిడకి మిగిలినవి నాలుగైదు పళ్లు. చివరికొక రోజు కాగితం చుట్టిన పెద్ద ఫోటో తెచ్చి, ముందుగదిలో మేకు కొట్టించి, మీ నాన్న అని అమ్మకి చూపించింది. అమ్మకి అప్పుడు ముప్పై అయిదేళ్లు. అప్పటిదాకా లేని తండ్రి ఆ రోజు గోడ మీదికొచ్చాడు. అమ్మమ్మ పోయాక అమ్మ ఆ ఫోటోతో మాట్లాడటం మొదలుపెట్టింది. దీపం పెట్టి ఊరుకోదు. కొత్త చీర కడితే చూపిస్తుంది, పాలు విరిగితే చెబుతుంది, నా మీద చాడీలు ముఖ్యంగా చెబుతుంది. ఆయన తీర్పు ఎప్పుడూ అమ్మ పక్షమే.

నేను వెళ్లిన మొదటి ఇల్లు నాగాయలంక దగ్గర. దివిసీమలో పాత వస్తువు కోసం అడగకూడదని నాకు అప్పటికే తెలిసింది. ఏ ఇంట్లో చూసినా ఉప్పెన తర్వాత కొన్న మంచం, ఉప్పెన తర్వాత కట్టిన గోడ. ఊరంతా ఒకే రోజు పుట్టినట్టుంటుంది. ఆ ఇంటి పెద్దకోడలు మజ్జిగ ఇచ్చి, గోడ వైపు చూపించి, మా చిన్నమావయ్యగారండి అంది. ఖాకీ చొక్కా, ఇరవై ఏళ్ల మొహం. ఎడమ కాలరు కొస పైకి లేచి ఉంది. కుడి కనుబొమ మధ్యలో సన్నగా వెంట్రుకలు లేని గీత. చూపు మాత్రం నా మీద లేదు. అప్పుడే ఎవరో వచ్చి నా వెనక నిలబడ్డట్టు, నా భుజం మీదుగా చూస్తున్నాడు. నేను గిరుక్కున వెనక్కి తిరిగాను. గుమ్మంలో ఎవరూ లేరు. వాకిట్లో ఎండ, ఎండలో ఒక కోడి. కొత్తవాళ్లందరూ అలాగే తిరుగుతారండి అని ఆ కోడలు నవ్వింది.

ఈ మనిషిని ఎక్కడో చూశానన్న అనుమానం బస్సెక్కేదాకా వదల్లేదు. ఎక్కడ అని ఎంత తన్నుకున్నా తట్టలేదు. కాలేజీ కెమెరాతో ఆ ఫోటోకి ఫోటో తీసుకున్నాను కదా, కడిగించాక చూద్దాంలే అనుకున్నాను.

రెండో ఇల్లు కోడూరు అవతల, వేటకెళ్లే వాళ్ల పేట. ఎండుచేపల వాసనలో, తాటాకు పందిరి కింద ఒక ముసలావిడ కూర్చుని వల బాగు చేస్తోంది. ఆవిడ మొగుడు కూడా యుద్ధానికి వెళ్లినవాడే. లోపల ఫోటో ఉంది చూసుకోమంది. తలవంచి లోపలికి వెళ్లి నిలబడ్డాను. అదే కాలరు, అదే కనుబొమ. మీసం ఒక్కటే కొత్త. ఈ మహానుభావుడు రెండూళ్లలో రెండు సంసారాలు నడిపాడన్నమాట అని మొదట నవ్వొచ్చింది. తర్వాత లెక్క కుదరలేదు. ఆ ఇంటివాళ్లు రైతులు, వీళ్లు బెస్తవాళ్లు. పేర్లు వేరు, వయసులు వేరు. అక్కడివాడు ఆరడుగుల మనిషట, ఇక్కడివాడు పొట్టివాడని వీళ్లే చెబుతున్నారు. నవ్వు ఆగిపోయింది.

ముసలావిడ నా పక్కకొచ్చి నిలబడింది. చెయ్యి నా మోచేతి మీద వేసి, ఫోటో వైపు కాకుండా నా వెనక్కి చూస్తూ అడిగింది.

"నీ ఎనకాల ఎవరన్నా వచ్చారా అమ్మా?"

లేదన్నాను. ఆవిడ నమ్మలేదు. ఇదివరకు తన వంకే చూసేవాడట. ఈ మధ్య చూడటం మానేశాడట. తన వెనక ఎవరు నిలబడితే వాళ్లని చూస్తున్నాడట, ఎవరో ఎంత తిరిగి చూసినా కనబడటం లేదట. ఆవిడ ఇదంతా వంటింటి సంగతి చెప్పినట్టు చెప్పింది. మిట్టమధ్యాహ్నం, బయట పిల్లలు అరుస్తున్నారు. అయినా ఇంకో ప్రశ్న అడక్కుండా బయటికొచ్చేశాను.

మూడో ఇంటికి వెళ్లాలా వద్దా అని రెండు వారాలు తాత్సారం చేశాను. అది ముదినేపల్లి దగ్గర, ఉప్పెన తర్వాత దివి నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. చేపల చెరువు గట్టు మీద ఇల్లు. వెళ్లేటప్పుడు దారిపొడుగునా, ఈ ఇంట్లో వేరే మొహం ఉండాలి అనుకుంటూ వెళ్లాను. తలుపు తీసిన పెద్దాయనతో నమస్కారం కూడా పూర్తి కాలేదు. ఆయన తల వెనక గోడ మీద నుంచి ఆ సిపాయి చూస్తున్నాడు. ఈసారి జుట్టు పాపిట మారింది. ఆయన అభిమానంగా ఫోటో దింపి, తుండుతో తుడిచి, నా చేతుల్లో పెట్టాడు. దాని వెనక అట్ట మీద, అరిగిపోయిన రబ్బరు స్టాంపు. బందరులో ఒక స్టూడియో.

ఆ సాయంత్రం బస్సులో నాకెదురుగా కూర్చున్న ప్రతి మగవాడి కనుబొమా చూస్తూ వచ్చాను. ఇంటికొచ్చేసరికి ముందుగదిలోంచి అమ్మ మాటలు వినిపిస్తున్నాయి. ఎవరో చుట్టాలొచ్చారనుకుని చెప్పులు విప్పి లోపలికెళ్లాను. ఎవరూ లేరు. అమ్మ గోడకేసి చూస్తూ, గ్యాస్ వాడు ఇవాళా రాలేదు నాన్నా అంటోంది. నేను తలెత్తి చూశాను. ఎడమ కాలరు కొస పైకి లేచి ఉంది.

ఇరవయ్యేళ్లు ఆ ఫోటో కింద అన్నం తిన్నదాన్ని, మూడు ఊళ్లలో దాన్నే చూసి గుర్తుపట్టలేకపోయాను. మా ఇంట్లోది రంగులు వేసిన ఫోటో. నుదుట అమ్మ పెట్టిన కుంకుమ ఉంటుంది, ఎప్పుడూ ఒక దండ ఉంటుంది. మొహం కూడా కొంచెం వేరే, నుదురు చిన్నది, పెదవి మందం. అన్నిటికంటే ముఖ్యం, మా ఇంట్లో ఆయన సూటిగా మన కళ్లలోకి చూస్తాడు. అయినా కాలరు అదే. కనుబొమ మీద గీత అదే. కుర్చీ ఎక్కి వెనక తిప్పి చూశాను, స్టాంపు కూడా అదే. ఏంటే అది అంది అమ్మ. బూజు అన్నాను.

మర్నాడు క్లాసులు ఎగ్గొట్టి, మూడిళ్లలో తీసిన రీలు కడిగించుకుని, బందరు కోనేరు సెంటరు చుట్టుపక్కల వెతికాను. స్టూడియో ఇంకా ఉంది. దానివాళ్లు మారిపోయారు గానీ, పాతరోజుల్లో నెగటివుల మీద పెన్సిలు పెట్టి మొహాలు దిద్దిన ఆయన అక్కడే వెనక గదిలో ఉంటున్నాడు. అరవై అయిదు దాటిన మనిషి, రెండు కళ్లకీ శుక్లాలు. నా దగ్గరున్న మూడు ఫోటోలూ ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఒకటి చూసి, రెండోది చూసి, మళ్లీ మొదటిది చూశాడు.

"మా అన్నయ్యండి," అన్నాడు.

తర్వాత మెల్లగా చెప్పాడు. ఉప్పెన తర్వాత జనం చచ్చిపోయిన వాళ్ల ఫోటోలు కావాలని వచ్చేవాళ్లు. చేతిలో ఏమీ ఉండేది కాదు, ఇలా ఉండేవాడు అని గాల్లో చేత్తో చూపించేవాళ్లు. ఒక తల్లి, కొడుకు ఎప్పుడో యుద్ధంలో పోయాడట, ఉన్న ఒక్క ఫోటో నీళ్లలో పోయిందట, మూడు రోజులు స్టూడియో మెట్ల మీంచి లేవలేదు. ఆయన దగ్గర సిపాయి ఫోటో ఒకటే ఉంది. తన అన్న సైన్యంలో చేరినప్పుడు ఆ స్టూడియోలోనే తీయించుకున్నది. అన్న తిరిగి రాలేదు. ఆ నెగటివే వేశాడు. ఆ తల్లి చీకటిగదిలోకి కూడా వచ్చింది. ఎర్రబల్బు వెలుతురులో, మందునీళ్ల తట్టలో కాగితం వేసి ఊపుతున్నాడు. కళ్లూ ముక్కూ ఇంకా తేలలేదు, వట్టి నీడ. అప్పుడే ఆవిడ తట్ట మీదికి వంగి, వీడే, నా కొడుకే అంది. కాదని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. ఆ తర్వాత ఆ నోటా ఈ నోటా విని మిగతావాళ్లు వచ్చారు. కొందరికి మీసం పెట్టాడు, కొందరికి పాపిట మార్చాడు. ఎన్నిళ్లకి ఇచ్చాడో గుర్తు లేదన్నాడు.

"మోసమే అనుకోండి. మా ఇంట్లో వాడికి దీపం పెట్టేవాళ్లు మిగల్లేదు. ఇంకెక్కడైనా పెడతారు కదా అనుకున్నానండి."

ఆ చూపేమిటని అడిగాను. ఎందుకడిగానా అని తర్వాత అనుకున్నాను. ఫోటో తీసేటప్పుడు ఈయన చిన్నపిల్లవాడు, కెమెరా వెనక నిలబడి ఏడుస్తున్నాడట. అన్న ఈయన్నే చూస్తున్నాడట. అంటే నాగాయలంకలో, కోడూరులో, ముదినేపల్లిలో, ఇంకా నేను వెళ్లని ఇళ్లలో, ఆ సిపాయి గోడల మీంచి ఇన్నేళ్లూ ఈ మనిషి కోసం చూస్తున్నాడు. ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం. అయినా నేను ఒకసారి వెనక్కి తిరిగాను. నాలుగో ఫోటో సంగతి ఎత్తకుండా వచ్చేశాను.

అమ్మకి చెప్పకూడదనే అనుకున్నాను. రైల్లో ఒట్టు కూడా పెట్టుకున్నాను. ఇల్లు చేరేసరికి అమ్మ ఆయనకి ఫిర్యాదు చేస్తోంది, చూశావా నాన్నా, పొద్దుననగా పోయింది, అన్నం వేళకి రావడం దీనికి తెలీదు అని. నా తలనొప్పి, నా ఆకలి, ఆ చూపులూ అన్నీ కలిసి నోట్లోంచి ఒక్కసారి వచ్చేశాయి.

"ఆయన నీ నాన్న కాదమ్మా. బందరు స్టూడియో ఆయన అన్నయ్య."

అంటూనే నాలుక కరుచుకున్నాను. అమ్మ అరవలేదు, ఏడవలేదు. అంతా చెప్పించుకుంది. తర్వాత ఫోటో వైపు ఒకసారి చూసి, కొంగు భుజం మీదుగా నిండా కప్పుకుంది. ఇరవయ్యేళ్లు ఈ గదిలోనే చీర మార్చుకున్నానే అని మాత్రం అంది.

ఆ రోజు నుంచి ముందుగది పరాయివాళ్ల ఇల్లయిపోయింది. అమ్మ అటు వెళ్లాల్సి వస్తే తలవంచుకుని, గోడ వారగా, కొత్తకోడలు నడిచినట్టు నడిచేది. దండ వాడిపోతే తీయలేదు. వంటింట్లో పీట వేసుకుని తినేది. మాట్లాడే మనిషి మాట్లాడకపోతే ఇల్లు ఎలా ఉంటుందో నాకప్పుడు తెలిసింది. ఒక మధ్యాహ్నం పేపర్లు దిద్దుతూ తలెత్తితే, ఎప్పుడూ సూటిగా చూసే ఆ కళ్లు నా భుజం మీదుగా వంటింటి వైపు చూస్తున్నట్టు అనిపించింది. భ్రమే. అయినా కుర్చీ మార్చుకున్నాను. యాభై అయిదేళ్ల మనిషికి దొరికిన ఒక్క తండ్రినీ నా నోటితో తీసేశాను, ఎలా తిరిగివ్వాలో తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మళ్లీ బందరు వెళ్లాను. ఈసారి మా ఊరి పేరు చెప్పి, అమ్మమ్మ సంగతి చెప్పి, ఆయన్ని బతిమాలాను. ఒక్కసారి వచ్చి, మీ అమ్మగారు పాత ఫోటో తెస్తే దాన్ని చూసే వేశానని అమ్మకి చెప్పమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. పెన్సిలుతో ఆడిన అబద్ధాలు చాలు, నోటితో ఆడలేనన్నాడు. నాకు కోపమొచ్చి లేచాను. అప్పుడాయన, గడ్డం మీద పచ్చబొట్టు ఉన్నావిడేనా అని అడిగాడు. అవునన్నాను. ఆవిడైతే వస్తానండి అన్నాడు.

ఆదివారం పొద్దున పాసింజర్లో ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చాను. అమ్మ మంచినీళ్లిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన ఫోటో దింపమన్నాడు. వెనక మేకులు ఒక్కొక్కటే ఊడదీసి, అద్దం పక్కన పెట్టి, ఫోటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. కళ్లకి అంగుళం దూరంలో పెట్టుకుని, ముట్టుకోకుండా, వేలు మొహం మీద మెల్లగా తిప్పాడు. ఎంతసేపయినా దించలేదు. చివరికి వంటింట్లోకి వినబడేలా అన్నాడు.

"ఇది మా అన్నయ్య కాదండి. చొక్కా, ఆ కనుబొమ మీద గీతా తప్ప ఇందులో మా వాడిది ఏమీ మిగల్లేదు."

మిగతావాళ్లందరూ ఇచ్చింది తీసుకుని వెళ్లారట. మా అమ్మమ్మ మాత్రం మొదటిది చూడగానే విసిరికొట్టిందట. ఎవడయ్యా వీడు అందట. ఆ తర్వాత వారం వారం వచ్చి, పక్కన స్టూలేసుకుని కూర్చునేది. నుదురు అంత లేదు బాబూ. కింది పెదవి లావు, అలిగినట్టుంటాడు. దవడ తగ్గించు. ఆయన దిద్దడం, ఆవిడ కాదనడం. ఎన్ని కాగితాలు పాడయ్యాయో. కళ్ల దగ్గర పెద్ద గొడవైందట. మా ఆయన ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడే మనిషి, ఈ వెనక్కి చూడటమేమిటి అందట. ఆ చూపు తనదని ఆయన ఆవిడకి చెప్పలేకపోయాడు. కనుపాపలు జరపడానికి రెండు రోజులు పట్టిందట, ఆ రెండు రోజులూ అన్నం సయించలేదట. అదయ్యాక అమ్మమ్మ తట్టలోకి చాలాసేపు చూసి, ఇంక చాలు అందట.

చెబుతూ ఆయన ఫోటోని ఇంకా కిటికీ వెలుతురుకి తిప్పుతూనే ఉన్నాడు. తన అన్న కోసం వెతుకుతున్నాడని నాకు అర్థమైంది. దొరకలేదని కూడా అర్థమైంది. ఆయన మొహం చూడలేక నేను బల్ల మీద మేకులు ఏరుతూ కూర్చున్నాను.

అమ్మ ఎప్పుడొచ్చిందో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతికి పిండి అంటుకుని ఉంది.

"మా అమ్మ ఆయన గురించి మీకు ఇంకేం చెప్పిందండి?"

నేను పరిశోధన పేరుతో ఊళ్లన్నీ తిరిగాను. మా తాతయ్య గురించి అమ్మమ్మ నోరు విప్పి మాట్లాడిన ఒకే ఒక్క మనిషి రోజూ నా కాలేజీకి ఫర్లాంగు దూరంలోనే ఉన్నాడు. ఆయన గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కటే చెప్పాడు. నవ్వితే పళ్లు కనబడేవి కావట. అన్నం తింటూ తెగ మాట్లాడేవాడట. ఎడ్లతో మాట్లాడేటప్పుడు కూడా వాటిని ఏవండీ అనేవాడట. అది విని అమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతూనే వచ్చి ఆయన ఎదురుగా కింద కూర్చుంది. ఎందుకు వెళ్లాడో చెప్పిందా అని అడిగింది.

నేను అందరిళ్లలో అడిగిన ప్రశ్న అది. ఆయన నా వైపు చూశాడు, చెప్పనా వద్దా అన్నట్టు. నేను చెప్పమనలేదు, వద్దనలేదు. ఆయన ఫోటోని ఒళ్లో పెట్టుకున్నాడు.

"చివరి రోజున చెప్పిందండి. ఏదో చిన్న తగువట. ఎందుకొచ్చిందో కూడా ఆవిడకి గుర్తు లేదు. 'ఇంక నాకు నీ మొహం చూపించకు అన్నాను బాబూ. తెల్లారి లేచేసరికి లేడు' అంది."

వీధిలో కూరలమ్మే అతను కేకేస్తూ వెళ్లాడు. అమ్మ పిండి చేతులు చీరకి తుడుచుకుని, ఆయన ఒళ్లోంచి ఫోటో తీసుకుంది. అద్దం లేని ఫోటోని తన మొహానికి ఎదురుగా పట్టుకుంది. పిల్లలు అలిగి అన్నం మానేస్తే మందలిస్తారే, అలా మందలించింది.

"కోపంలో ఏదో అంది. అంతమాత్రానికి వెళ్లిపోతావా నాన్నా?"